మా అత్త కడగనివ్వని రాయి

మా అత్త పోయిందని నంద్యాల ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఉన్నాను. ఏడుపు కంటే ముందు నా నోట్లోంచి వచ్చిన మాట, "ఇంకో డాక్టర్ని అడిగినావా?" అని. "అడిగినా. ఆయప్పా అదే చెప్పినాడు" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఆమె ఇంట్లో బతికినవాళ్ళం కదా, ఒక్కరు చెప్తే ఏదీ నమ్మే అలవాటు మాకు లేదు.

ఆమె గురించి నాలుగు మాటలు రాసుకుందామని కూర్చున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పోయే వైపున్న ఊళ్ళలో ఒకటి అనుకోండి, చాలు. పేరు రాస్తే ఆమె ఎక్కడున్నా ఊరుకోదు. "ఎవురు రాయమన్నారు నిన్ను? ఎవురు సదువుతారు? వాళ్ళకేం పని?" అని నిలదీస్తుంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా అత్తలో నేను చూసిన పెద్ద మంచితనం ఆమె అనుమానమే. అదెట్లాగో చెప్పడానికే ఇదంతా.

ఆ అనుమానానికి హద్దూ అదుపూ లేదు. పాలు పోసే అతను చెంబు వంచితే, ముందు వాసన, తర్వాత రంగు, ఆ తర్వాత అతని మొహం చూసేది. నంద్యాల బస్సు ఎక్కేముందు బోర్డు చదివేది, కండక్టర్ని అడిగేది, కూర్చున్నాక పక్కనున్న మనిషిని అడిగేది. నంద్యాల స్టాండులో దిగి కూడా, ఇది నంద్యాలేనా అన్నట్టు చుట్టూ చూసేది. నా పెళ్ళైన కొత్తలో నేను పెట్టిన కాఫీ మొదటి గుక్క నన్నే తాగమనేది. విషం గురించి కాదట. నా మొహం చూసి చక్కెర ఎంతేశానో కనిపెడుతుందట. అబ్బబ్బ, ఆ కాఫీ కోసం నేను ఎన్నిసార్లు పుట్టింటికి పోతానని మూట కట్టుకున్నానో!

పైగా నేను సోషల్ టీచర్ని. అది ఆమెకు ఇంకో అనుమానం. "సోషలంటే పాత రాళ్ళ సదువేనా?" అని పెళ్ళిచూపుల్లోనే అడిగింది. నాకప్పుడు నవ్వొచ్చింది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా సందు మొదట్లో పాత చావిడి గోడకు ఆనించి ఒక బండ నిలబడి ఉంటుంది. ఊళ్ళో దాన్ని సిపాయి రాయి అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, ఈ ఊరి నుంచి దొరల పటాలంలో చేరిపోయినవాళ్ళ గుర్తుగా దాన్ని నాటించారు. అప్పట్లో కచేరీ ముందు ఉండేదట. దొరలు పోయాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెరికి పక్కన పడేస్తే, కొన్నాళ్ళు వెల్లకిలా పడి ఉన్న ఆ రాయి మీద బట్టలు ఉతుక్కున్నారట. అది చూసి ఓర్చుకోలేక మా ఇంటి పెద్దామె ఒకావిడ మనుషుల్ని పెట్టి తెప్పించి, చావిడి గోడకు నిలబెట్టించి, ముందు దీపం పెట్టింది. ఆమె మా ఆయన ముత్తవ్వ. అందరూ జేజి అనేవాళ్ళు. ఆమె మొగుడు ఆ యుద్ధానికి పోయి తిరిగి రాలేదు.

మా వైపు రాయికి దీపం పెడితే అది దేవుడవడానికి ఎంతసేపు? పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది, కొబ్బరికాయ వచ్చింది. పసుపులో నువ్వుల నూనె కలిపి పూసీ పూసీ, అక్షరాలు అట్టకట్టి మూసుకుపోయాయి. నేను కాపురానికి వచ్చేసరికి అది యుద్ధ స్మారకమని పుస్తకాల మనుషులకూ, మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళకూ తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ప్రతి శుక్రవారం మా అత్తే పూసేది. మామ పోయాక కూడా మానలేదు. మొగుడు లేనామె పసుపు పూయడమేందని ఎవరో గొణిగితే, "సామికి ల్యాని పట్టింపు నీకెందుకమ్మే?" అని ఒక్కమాటతో నోరు మూయించింది.

పూయడం సరే. ఎవర్నీ కడగనిచ్చేది కాదు. పండక్కు దేవుళ్ళందరికీ స్నానముంటుంది, ఆ రాయికి ఉండదు. ఒకసారి ఒక కాలేజీ లెక్చరర్ కెమెరా మెడలో వేసుకుని వచ్చి, "అవ్వా, కొంచెం కడిగి అక్షరాలు చూస్తాను" అన్నాడు పాపం. మా వైపు పాత రాళ్ళ కింద గుప్తనిధులు ఉంటాయని తవ్వుకునే జనం ఉన్నారు కదా, ఆమెకు అది చాలు. "గునపం యాడ పెట్టినావ్?" అంది. గునపం లేదంటే, "లోతెంత తవ్వల్లనుకుంటాండావ్?" అంది. సందులో జనం పోగయ్యారు. ఆయన కెమెరా సంచిలో పెట్టుకుని ఆళ్ళగడ్డ ఆటో ఎక్కేదాకా మా అత్త కదల్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటి నుంచి నాకు అనుమానం మొదలైంది. ఆమె కోడలినే కదా. ఆ రాయి మీద ఏదో ఉంది, అది మా ఇంటికి సంబంధించినది, అది ఆమెకు తెలుసు. "అత్తా, ఒకసారి మనిద్దరమే కడిగి చూద్దామా?" అని మెల్లగా అడిగాను. "నీ కొంపలో కడగాల్సిన గిన్నెలు ఎన్నో ఉండాయి, అవి కడుగు పో" అంది.

ఇంకొకరి మీద కూడా ఆమెకు తీరని అనుమానం. ఎదురింటి పెద్దమ్మ. వాళ్ళు క్రైస్తవులు. బడిపంతుళ్ళ కుటుంబం. మా అత్త కంటే ఒకటి రెండేళ్ళు చిన్న. వాళ్ళింటి నుంచి కూడా ఒకాయన ఆ యుద్ధానికి పోయి రాలేదు. సమాధుల పండగనాడు అందరూ సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడితే, వీళ్ళకు సమాధి లేదు కాబట్టి ఆ రాయి పక్కన గోడ మీద ఒక కొవ్వొత్తి పెట్టి పోయేవాళ్ళు. పసుపు మాత్రం తాకేది కాదు పెద్దమ్మ. "రాయికి పూత ఏందక్కా?" అనేది. మా అత్త మూతి తిప్పుకునేది. "ఆయమ్మ కన్ను మంచిది కాదు, రాయిని అదే పనిగా సూస్తాది" అని నాతో చెప్పేది. ఇద్దరూ ఒకరింటి కూర ఒకరు తినేవాళ్ళు, ఒకరి మాట ఒకరు నమ్మేవాళ్ళు కాదు.

మేమంతా ఒకసారి బెలుం గుహలకు పోయాం. అందరం మెట్లు దిగుతుంటే ఆమె పైనే ఆగిపోయింది. గైడును పట్టుకుని, "లోపలికి పోయినోళ్ళంతా బయటికొచ్చినారా? నువ్వు సూసినావా?" అని అడిగింది. ఆ అబ్బాయి నవ్వి, టికెట్ కొన్నవాళ్ళ లెక్క ఉంటుంది అవ్వా అన్నాడు. "పోయినోళ్ళ లెక్క అందరూ రాస్తారు నాయనా. వచ్చినోళ్ళ లెక్క ఎవురు రాస్తారు?" అని, మేము బయటికి వచ్చేదాకా ఆ ఎండలో బండ మీద కూర్చుని ఒక్కొక్కరి మొహమూ చూసింది. మేమందరం కనబడ్డాకే నీళ్ళు తాగింది. ఆ పొద్దు నేను ఆమెను ఎగతాళి చేశాను.

నంద్యాల జిల్లా అయ్యాక మా వైపు ప్రతి ఊరికీ ఏదో ఒకటి చేసుకోవాలనే హుషారు వచ్చింది. పటాలంలో చేసి వచ్చిన ఒక సుబేదారు సారు మా ఊళ్ళోనే ఉంటాడు. మంచి మనిషి. ఆయన పూనుకుని సిపాయి రాయి చుట్టూ గద్దె కట్టి, పక్కన నల్ల గ్రానైట్ పలక నాటి, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిద్దామన్నాడు. ఆళ్ళగడ్డ శిల్పులతో మాట్లాడి వచ్చాడు. పోయినవాళ్ళు మా వాళ్ళని చెప్పుకునే ఇళ్ళు ఊళ్ళో మూడు. మాది, ఎదురింటి పెద్దమ్మది, ఊరి చివరి పెద్ద సేద్యగాళ్ళది. మూడు పేర్లు తీసుకుపోదామని ఆయన ఒక పొద్దున మా వరండాలో కూర్చున్నాడు. మా ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ముత్తాత పేరు నల్లరాతి మీద!

"మీ పెద్దాయన పేరు పూర్తిగా చెప్పమ్మా, రాసుకుంటా" అన్నాడు సుబేదారు సారు.

"రాసుకోవద్దు" అంది మా అత్త.

అందరం ఆమెను చూశాం.

"అమ్మా, ఏమంటాండావ్?" అన్నాడు మా ఆయన.

"మా ఇంటి పేరు ఒద్దంటాండా. తక్కినోళ్ళవి రాసుకోండి. ఇంకో మాట. పలక మీరు యాడన్నా పెట్టుకోండి, సామి రాయి మీద నీళ్ళ సుక్క పడకూడదు. కడుగుతామని ఎవురన్నా వస్తే నేను ఆడ అడ్డం పండుకుంటా."

ఎంత బతిమాలినా అంతే. సుబేదారు సారు కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. వీధి గుప్పుమంది. ఆ ఇంటి ముత్తాత చావలేదంట, పటాలంలోంచి పారిపోయినాడంట, అందుకే ముసలామె పేరియ్యలేదంట అని బడిలో పిల్లలు కూడా నా వెనక చెప్పుకున్నారు. ఎదురింటి పెద్దమ్మ రోడ్డు దాటి వచ్చి మా అత్త కళ్ళల్లోకి చూస్తూ, "ఏందక్కా, ఏం దాపెడతాండావ్?" అని అడిగింది. "నీ పేరు రాపిచ్చుకున్నావు గదా, పో" అంది మా అత్త. మా ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తింటాడు, అమ్మా అనడు.

నాకు ఆయన మీద జాలి, ఆమె మీద మంట. కోయిలకుంట్ల నుంచి తెచ్చిన శనగలు ఇద్దరం చేటల్లో చెరుగుతున్నాం. ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, ఆయప్ప నిజంగా పారిపోయినాడా?"

ఆమె తలుపు వైపు చూసింది. లేచి పోయి బయట ఎవరూ లేరని చూసి వచ్చి కూర్చుంది. "మీ ఆయనకు సెప్పనని ఒట్టు పెట్టు" అంది. పెట్టాను. సరిపోలేదు. నా కొడుకు మీద పెట్టమంది. అదీ పెట్టాను.

ఆమె చెప్పింది ఇది. కొత్త కోడలిగా వచ్చిన యేడు, పెద్దవాళ్ళ మెప్పు పొందుదామని, పండగ ముందు తెల్లారుతూనే చింతపండూ పీచూ తీసుకుపోయి ఆ రాయిని బాగా తోమింది. అక్షరాలు తేలాయి. పైన ఇంగ్లీషులో యుద్ధం పేరూ యేళ్ళూ మాత్రమే, కింద తెలుగు. మా అత్తకు చదువొచ్చు. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి పోయినారని ఒక వరస. వాళ్ళలో ఇద్దరు ప్రాణాలిచ్చినారని దాని కింద వరస. పేర్లు లేవు. ఎవరి పేరూ లేదు.

"మూడిండ్లల్లో దీపం పెడతాండారు. రాయి మీద ఇద్దరే" అంది.

అప్పటికి జేజి బతికే ఉంది. వయసులో ఉన్నప్పుడే మొగుడు పోయాడనుకుని బొట్టు తీసేసి, ముసలిదైపోయింది. చదువు రాదు. తోమిన రాయి చూడ్డానికి కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది. "సదువు పిల్లా. మా ఆయప్ప పేరు యాడుండాదో నా వేలు పట్టుకుని పెట్టు" అంది.

మా అత్త ఆ వేలు పట్టుకుంది. ఇద్దరు అని ఉన్న ఆ వరస మీద పెట్టింది. "ఈడుండాది జేజీ" అంది.

"ఆ ముసిల్ది ఆ అచ్చరాల మీద వేలు ఆడిచ్చి ఆడిచ్చి ఏడ్సింది. మల్లా పసుపు పూయమంది. ఆడ రెండు పూతలు పూయమంది, సల్లగుంటాదని. అట్ల పూస్తానే ఉండా ఈ పొద్దుటిదాకా. ఏం సేయమంటావ్? ఏ ఇంటి దీపం ఆర్పమంటావ్?"

"మరి మన పేరు ఎందుకు ఒద్దన్నావ్?"

"ఎప్పుడో ఒకనాడు ఎవుడో ఒకడు కడుగుతాడు. ఆ పలక మీద ముగ్గురుండి ఈ రాయి మీద ఇద్దరుంటే, మూడిండ్లోళ్ళూ కొట్టుకుంటారు, మీవోడు సావల్యా అంటే మీవోడు సావల్యా అని. మన పేరు ల్యాకుంటే లెక్క సరిపోతాది. అనుమానం మన మీద పడితే పడనీ. నాకు అలవాటే గదా."

నేను చేట కింద పెట్టేశాను. "ఆ మూడో మనిషి మనవాడే అని నీకెట్లా తెలుసు?"

"తెల్దు. సెక్కినోడే తప్పు సెక్కినాడేమో. ఆ దొర సరిగ్గా అడిగినాడో ల్యాదో. మనోడు యాడో ఇంకో పెండ్లాన్ని సేసుకుని సల్లగా బతికినాడేమో. బతికుంటే మంచిదే, నాకేం కోపం ల్యా. కానీ జేజి వేలు పట్టుకుని అబద్ధం సెప్పింది నేను. వాళ్ళు కాదు." గొంతు తగ్గించి, "ఆ పొద్దు ఎదురింటి తలుపు ఓరగా తెరిసుండె. ఆడ నిలబడితే రాయి బాగా కనపడతాది. ఆయమ్మ కూడా అప్పుడు కొత్త కోడలే. సూసిందో ల్యాదో ఇంతవరకూ నాకు తెల్దు" అంది.

పెద్దమ్మను ఆమె జన్మంతా అలా చూడడానికి కారణం అదన్నమాట. ఆమె పాల చెంబును ఎందుకు నమ్మలేదో, బస్సు బోర్డును ఎందుకు నమ్మలేదో కూడా నాకు ఆ పొద్దే అర్థమైనట్టనిపించింది. రాతి మీద చెక్కిన మాటనే నమ్మలేని మనిషి ఇంకేం నమ్ముతుంది? ఆమె చేతిలోని చేట తీసుకుని మిగతా శనగలు నేనే చెరిగాను.

పలక వచ్చింది. రెండు పేర్లతో. గ్రానైటు అద్దంలా మెరిసింది. ప్రారంభం రోజు మా ఆయన పనుందని నంద్యాల పోయాడు. మా అత్త మాత్రం కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వెనక గుసగుసలు వినబడుతూనే ఉన్నాయి. కదల్లేదు. రెండు పేర్లూ చదువుతుంటే తలొంచి దండం పెట్టింది.

పోయిన నెల ఆమెను నంద్యాలలో చేర్చినప్పటి నుంచి పసుపు పూసేది నేను. మా ఆయన ఫోన్‌లోంచి రోజూ అదే ప్రశ్న. "పూసినావా?"

"పూసినా అత్తా."

"కింద వరస మీద రెండు పూతలు?"

"రెండు పూతలు."

"ఫొటో పెట్టు."

పెట్టేదాన్ని. ఆ పసుపు ముద్ద ఫొటోను ఆయన ఎందుకో తెలియకుండానే తల్లికి చూపించేవాడు. మంచం మీద ఆమెకు చేసిన సేవలో ఆయన కోపం చాలావరకు కరిగింది కానీ, అమ్మా అని పిలిచాడో లేదో నేను అడగలేదు.

దహనం అయి ఇంటికొచ్చిన సాయంత్రం, కొడుకు మీద పెట్టిన ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆయనకు అంతా చెప్పేశాను. "నాకెందుకు సెప్పల్యా?" అన్నాడు. కోపంలో నువ్వే పోయి కడిగేస్తావని ఆమె అనుమానం అన్నాను. "కడిగేవాణ్ణే" అని, పెద్దగా ఏడ్చాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన అట్లా ఏడవడం నేను చూడలేదు.

ఇక్కడే చిక్కొచ్చింది. మాకు మైల. కర్మ అయ్యేదాకా దేవుణ్ణి ముట్టకూడదు, పసుపు పూయకూడదు. ఆ వారమే వానలు పట్టుకున్నాయి. ఎండిన పూత పెచ్చులు లేచి పడిపోతోందని వచ్చినవాళ్ళు చెప్పారు. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ ముందు రాయి దగ్గర ఆగి వస్తున్నట్టు నాకు అనుమానం. ఇద్దరు అన్న మాట ఒక్కటి బయటపడితే చాలు, పక్కనే పలక మీద రెండు పేర్లున్నాయి. మూడోవాడు పారిపోయినాడని ఊరు అనుకున్న మాటకు రాయే సాక్ష్యం చెప్తుంది. మా అత్త నెత్తిన వేసుకున్న నింద ఆమె బూడిద చల్లారకముందే నిజమైపోతుంది. నేను పోయి పూస్తానంటే మా ఆయన మేనత్త అడ్డం పడింది. మైలలో సామిని ముడతావా అని.

రాత్రంతా కుండపోత. తెల్లారి ఎవరికీ చెప్పకుండా, ముట్టను, చూసి వస్తా అనుకుని సందు మొదటికి పోయాను. రాయి పైభాగం వానకు కడుక్కుపోయి ఇంగ్లీషు అక్షరాలు బయటికొచ్చాయి. కింద వరస మీద మాత్రం పచ్చగా, చిక్కగా, కొత్త పసుపు. పూసి గంట కూడా అయ్యుండదు. నూనె ఎక్కువై కిందికి కారుతోంది. కుంకుమ లేదు, దీపం లేదు, పువ్వు లేదు. పూజ తెలిసిన చెయ్యి కాదది. ఆ ఒక్క వరస ఎక్కడుందో తెలిసిన చెయ్యి.

ఇంటికొచ్చి ప్రతి మొహమూ చూశాను, మా అత్త చూసినట్టే. ఎవరి మీద అనుమానపడాలో తోచలేదు.

కాసేపటికి ఎదురింటి పెద్దమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. "నిన్నటి నుంచీ ఏం తినల్యాదంట. కూసో" అని నా ఎడమ చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. గోళ్ళ చుట్టూ పసుపు. నువ్వుల నూనె వాసన. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి కొంగులోకి లాక్కుంది.

"ఏం సూస్తాండావ్?"

"ఏం ల్యా పెద్దమ్మా."

"వంట సేసి అట్లే వస్తి. సేతులు కడుక్కోల్యా" అంది. నా వైపు చూడకుండా గడప దాటి వెళ్ళిపోయింది.

క్యారియర్ మూత తీశాను. పెరుగన్నం. మూడు గిన్నెల్లోనూ పెరుగన్నమే.

నా ఎడమ మణికట్టు మీద ఆమె వేళ్ళ పసుపు అచ్చుపడి ఉంది. అన్నం తిని, కుడిచెయ్యి మాత్రం కడుక్కున్నాను.